కాలినచోట దొరసాని చెప్పిన మాట

దొరసానికి మంత్రం వస్తదన్న కబురు నాకు మొట్టమొదట మోసుకొచ్చింది మా బట్టలుతికే అవ్వ. మూట వాకిట్లో దించి, కొంగుతో మొఖం తుడుచుకుని, మా అత్త పెరట్లో ఉందని రూఢి చేసుకున్నాక గానీ నోరు విప్పలేదు. బంగ్లాలో వంట చేసే ఆమె చెయ్యి కాలే పెనానికి అంటుకుందట. దొరసాని ఆ చెయ్యి పట్టుకుని, పెదవులు కదిపి, ఉఫ్‌మని ఊదిందట. తెల్లారేసరికి బొబ్బ లేదట.

“నీ కండ్లతోని సూసినవా అవ్వా?” అన్నాను.

“లేని బొబ్బను ఎట్ల సూస్తనే పిల్లా? ఉంటే గద సూశేది!” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఇంగ్లీషు మంత్రమట. మన నిప్పుకు ఇంగ్లీషు యాడొస్తది? సమజ్ గాక జడుసుకొని ఉరికి ఉంటది,” అని తనే నవ్వుకుంది.

నవ్వింది గానీ, మూట ఎత్తుకుని పోతూ పోతూ వెనక్కి తిరిగింది. “ఎవ్వలతోని అనకు బిడ్డా. మంత్రమంటే మంచి మంత్రమని ఎవ్వలనుకోరు.”

రాష్ట్రాలు కలిసిన ఏడే నేను ఎడపల్లికి కాపురానికి వచ్చాను. మా అత్తవారిది చెరుకూ వరీ సేద్యం. చెరుకు చాలామట్టుకు బోధన్ ఫ్యాక్టరీకి పోయేది, మిగిలింది మా పొలంలోనే గానుగ ఆడి బెల్లం వండేవాళ్ళు. నేను బడి మొఖం చూడలేదు. మా బాపు చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఈ రాత ఆయన పెట్టిన భిక్ష. పొద్దున లేవగానే ముందు ఆయనకు, తర్వాత దేవునికి దండం పెట్టుకుంటాను. ఆ వరుస తప్పని ఎవరైనా అంటే, దేవుడేమీ అనుకోడని చెప్తాను.

దొరసాని బంగ్లా మా పొలం నుంచి బోధన్ పోయే తోవలో ఉండేది. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక దొర భార్య ఆమె. దొర నిజాం కాలంలోనే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత తెల్లవాళ్ళు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయినా ఆమె వెళ్ళలేదు. పిల్లలు లేరు. తమ్ముడు ఒక్కడుంటే యుద్ధంలో పోయాడట. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, “మొగడు ఈ మన్నుల ఉన్నడు. నేనాడికి పోయి ఏం జెయ్యాలె?” అనేది.

ఆమె తెలుగు అట్లా ఉండేది. తోటమాలి దగ్గర నేర్చింది కాబట్టి తోటమాలి తెలుగే వచ్చింది. పూజకు పువ్వులు అడగడానికి నేను మొదటిసారి పోయినప్పుడు, నూలు గౌను వేసుకుని, టోపీ పెట్టుకున్న ఆ ముసలామె “గా చెట్టు తెల్లపువ్వులు తెంపుకో పిల్లా, గీ గులాబీలు ముట్టకు, అవి నా మొగనియి” అంటే నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె కూడా నవ్వింది. అట్లా మొదలైంది మా రాకపోక. పువ్వులు తెచ్చుకున్న ప్రతిసారీ నేను పండో ప్రసాదమో తీసుకుపోయేదాన్ని. అది తీసుకునేది. పువ్వుల విషయంలో ఆమెకు ఏ నియమమూ లేదు.

ఆమె గుమ్మం మీద రెండు ఎద్దు నాడాలు పక్కపక్కన కొట్టి ఉండేవి. ఎద్దు డెక్క చీలి ఉంటది కనుక నాడా సగం చంద్రవంకలాగే ఉంటది. రెండూ కలిపితే గుర్రపు నాడా ఆకారం వచ్చింది. ఎందుకమ్మా అని అడిగాను.

“మా ఊర్ల గుర్రానిది కొడ్తరు. చెడ్డది లోపటికి రాదు.”

“బోధన్‌ల టాంగాలున్నయి గద, ఒక గుర్రపుది కొనుక్కోరాదు?”

“కొనొద్దు. తోవల దొరకాలె. ఈ తోవల దొరికేది చెరుకు బండ్లది,” అంది.

మా ఇంట్లో కూడా గుమ్మానికి గుమ్మడికాయ కడతాం, నిమ్మకాయ కడతాం. ఇంగ్లీషువాళ్ళంటే పొగగొట్టాలూ, రైళ్ళూ, సూదిమందులూ అనుకునేదాన్ని. వాళ్ళ గుమ్మాలకు కూడా భయం ఉంటదని ఆ రోజే తెలిసింది.

ఇంక మా మరిది సంగతి. మా ఆయనకు తమ్ముడు. అప్పటికి పెండ్లి కాలేదు. ఎప్పుడూ నవ్వించే మనిషి. బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర పాకం కలపడం ఆయన పని. ఒక చలికాలం పొద్దుట కాలు జారి, కుడి చెయ్యి మోచేతిదాకా మసిలే పాకంలో పడింది. మరిగే నీళ్ళైతే జారిపోతయి, పాకం జారదు. చర్మానికి పట్టుకుని ఇంకా కాలుస్తనే ఉంటది. ఎవరో కోడిగుడ్డు కొట్టి పోశారు. బండి కట్టి బోధన్‌లో కాంపౌండరు దగ్గరకు తీసుకుపోతే ఆయన పాపం శుభ్రంగా కడిగి, తెల్లమందు రాసి, వదులుగా కట్టు కట్టాడు. ఆయనకు నేను ఇప్పటికీ మొక్కుతాను. కానీ నొప్పి తగ్గలేదు. మరిది తువ్వాల కొరుక్కుంటూ బండిలో పొర్లుతున్నాడు. బంగ్లా ముందుకు రాగానే మా అత్తే బండి ఆపించింది. అవ్వ ఆమెకూ చెప్పిందన్నమాట.

వరండాలో దొరసాని మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది. “చెయ్యమని అడగొద్దు. ఏమయ్యిందో చెప్పు. గంతే.”

“నీ కాళ్ళు మొక్కుత తల్లీ, నీకు పుణ్యముంటది—” మా అత్త మొదలుపెట్టింది.

“గదే అడుగుడు. వద్దు.”

మా అత్త నోరు మూసి, తెరిచి, ఎట్లా చెప్పాలో తెలియక, “మా చిన్నోని చెయ్యి పాకంల వడ్డది,” అని ఊరుకుంది.

దొరసాని కట్టు ముట్టలేదు. కట్టు మీదుగా గాలిలో చెయ్యి కదిపింది, మోచేతి నుంచి వేళ్ళవైపుకు, బయటికి పొమ్మన్నట్టు. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. ఊదింది. మళ్ళీ అట్లాగే చేసింది. తర్వాత చేతులు గౌనుకు తుడుచుకుని అంది: “ఇగ పోండ్రి. మేలు జేసినవ్ అనొద్దు. దండం వెట్టొద్దు. ఏం తెచ్చియ్యొద్దు. అంటే అది పోతది.”

బండి కదిలాక మా అత్త ఉండబట్టలేకపోయింది. “ఇదేం మంత్రమే! పెరుగుల తోడు వేసుకునేటందుకు ఇంత మజ్జిగ అడుక్కున్నా సల్లగుండు తల్లీ అని వస్తం. కొడుకు పానం నిలవెడ్తే మూగదాని తీరు లేచి రావాల్నా?”

ఎడపల్లి చేరేలోపు మరిది తువ్వాల వదిలేశాడు. ఆ సాయంత్రం నిద్రపోయాడు. చెయ్యి మానింది, మోచేతి దగ్గర తెల్లగా ఒక మచ్చ మిగిలింది. మందు వల్ల మానిందో మాట వల్ల మానిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నా బాధ వేరు. మేలు చేసినవని కాంపౌండరుకు చెప్పుకోగలిగాను, ఎద్దులకు చెప్పుకోగలిగాను, ఆమెకు చెప్పుకోలేకపోయాను. పువ్వులకు పోయినప్పుడు ఒకరోజు భయపడుతూ అడిగాను: “అమ్మా, నీకు చెప్పను. దేవునికి చెప్పుకుంటే తప్పా?”

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదనుకుంటాను. “దేవునికి చెప్పు. పని ఆయనదే,” అంది.

ఆ తర్వాత నాతో ఎక్కువ మాట్లాడేది. ఆమెది ఇంగ్లండులో పడమటి దిక్కున ఒక పల్లె. వాళ్ళ నాయన కమ్మరి, గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. ఆయన్ను కూడా ఆమె బాపు అనేది, ఆ మాట తోటమాలి దగ్గర నేర్చి ఉంటుంది. కాలినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో ఆ బాపు దగ్గరకు వచ్చేవాళ్ళట. ఆయనకు ఆ మాట ఆయన మేనత్త ఇచ్చింది. మేనత్తకు ఒక మొగాయన. మొగోళ్ళ నుంచి ఆడోళ్ళకు, ఆడోళ్ళ నుంచి మొగోళ్ళకు పోవాలె, ఆడదాని నుంచి ఆడదానికి పోదు. ఒక్కసారే చెప్పాలె. చెప్పినంక చెప్పినవాళ్ళ దగ్గర అది ఉండదు. ఎంత వెనక నుంచి వస్తుందో వాళ్ళెవరికీ తెలియదు. మాటల్లో దేవుని పేరు ఉంటుందనీ, నిప్పును పొమ్మని మంచును రమ్మంటుందనీ మాత్రం చెప్పింది. మంచు అంటే ఏందని అడిగితే, “నీకెట్ల చెప్పాలె... నీళ్ళు రాయి అయితయి,” అంది. ఎండాకాలం బావి తాడు పట్టుకుంటే చెయ్యి కాలే ఈ నేలలో ఎన్నడూ పడని మంచును పిలవడమేమిటి, పిలిస్తే అది రావడమేమిటని నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకా చాలా చెప్పింది. ఇంట్లో ఎవరన్నా పోతే తేనెటీగల పెట్టె దగ్గరకు పోయి చెప్పాలట, చెప్పకపోతే ఈగలు అలిగి పోతయట. వాళ్ళ నాయన పోయినప్పుడు తనే పోయి చెప్పిందట. పాత ఇల్లు పడగొడితే గోడలో ఎవరిదో పాత చెప్పు బయటపడేదట, పొయ్యి కింద సూదులు నింపి పాతిపెట్టిన సీసా దొరికేదట. చెడ్డ చూపు అందులో చిక్కుకోవాలని. పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పేవాళ్ళు, దిష్టి తీసేవాళ్ళు ఊరికొకరు ఉండేవాళ్ళట. పాదిరి కూడా పగలు తిట్టి, పంటి నొప్పి వస్తే వాళ్ళ దగ్గరకే పోయేవాడట.

“మంచిదే గదా అమ్మా,” అన్నాను.

“మంచిదా?” అంది. ఆమె మొఖం మబ్బు పట్టింది. “మంత్రగత్తె అని ముసలోళ్ళను కట్టి చెరువుల ఏశిండ్రు. మునిగితే మంచిది. తేలితే ఉరి. మునిగినా సచ్చుడే, తేలినా సచ్చుడే. మా ఊర్ల గా నీళ్ళున్నయి, నేను చిన్నగున్నప్పుడు గాడ బాతులు ఈదుతుండె.”

కొన్నాళ్ళ కిందనే మోస్రా దిక్కు ఒక పల్లెలో బాణామతి చేసిందని ఒక వితంతువు పండ్లు ఊడగొట్టారని మా ఊరికి కబురు వచ్చింది. పండ్లు లేకపోతే మంత్రం నోట పలకదట. ఆ మాట ఆమెకు చెప్పాను. దొరసాని తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఈడ కూడనా,” అంది. అవ్వ ఆ రోజు ఎందుకు గొంతు తగ్గించిందో నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. ఊళ్ళో కొందరు బంగ్లా ముందు నుంచి పోయేటప్పుడు ఉమ్మి పోవడం నేను చూశాను. తెల్లతోలు కాబట్టి అంతటితో ఆగారు.

ఏండ్లు గడిచాయి. ఆమెకు దగ్గు పట్టుకుంది, మెట్లు దిగడం కష్టమైంది. అప్పటి నుంచి ఆమెకు ఒకటే దిగులు. మాట ఎవరికి ఇవ్వాలె? ఇయ్యాల్సిన తమ్ముడు లేడు, కొడుకు లేడు. తనతోనే పోతే వాళ్ళ బాపు ముందు ఏ మొఖంతో నిలబడాలె? “నేను పోతే పోత. గది పోవద్దు,” అనేది. పువ్వులకు పోయిన ప్రతిసారీ అదే మాట. చివరకు ఒకనాడు, “నీ మరిదిని తోలు,” అంది. “కాలినోనికి కాలినోని బాధ ఎర్కుంటది.”

చెప్తే మరిది ముందు నవ్వాడు. “వదినె, ఇంగ్లీషు నా నోట తిరుగుతదా? గానుగ ఎద్దు తీరు గుండ్రంగ తిరిగి మళ్ళ తెలుగుకాడికే వస్తది.” తర్వాత తన మచ్చ చూసుకున్నాడు. నవ్వడం ఆపి, “పోత,” అన్నాడు.

మాకు తెలిసిన పద్ధతి మాకుంటది కదా. మా పుట్టింటి దగ్గర తేలు మంత్రం వేసే తాత, గ్రహణం పూట నడుముల్లోతు నీళ్ళలో నిలబడి తన గురువు దగ్గర నేర్చాడని చెప్పేవారు. ఉత్త చేతులతో విద్య తీసుకోవద్దు. తీసుకుంటే అది నిలవదు. అది మా ఇండ్లల్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. మరిది గురువారం పొద్దున తలస్నానం చేసి, ఏమీ తినకుండా, ఉతికిన ధోతి కట్టుకుని బయలుదేరాడు. మా అత్త ఒక సంచి ఇచ్చింది. సంచిలో ఏముందో నేను చూడలేదు, మరిది తినడానికి ఏదో కట్టిందనుకున్నాను. నేను పువ్వుల బుట్టతో వెంట పోయాను.

దొరసాని నన్ను వరండాలో కూర్చోబెట్టి, మరిదిని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. నాకు మాటలు వినబడలేదు, గడియారం చప్పుడు మాత్రం వినబడింది. కొంతసేపటికి ఆమె గొంతు ఆగింది. తర్వాత తలుపు సందులోనుంచి చూస్తే, మరిది సంచిలోంచి కొబ్బరికాయ, తమలపాకులు, పసుపుకొమ్ములు, కొత్త రవిక గుడ్డ తీసి ఆమె ముందు నేల మీద పెట్టి, సాష్టాంగపడ్డాడు. లేచి, ఫ్యాక్టరీకి చెరుకు తోలేటప్పుడు గేటు దగ్గర ఆఫీసర్ల నోట విని నేర్చుకున్న ఒక్క ఇంగ్లీషు మాటను, ఆమె భాషలో ఆమెకు అప్పగించాలని, గట్టిగా, ముద్దుగా అన్నాడు.

“థాంక్యూ.”

దొరసాని కుర్చీలో కదలలేదు. కొబ్బరికాయ వైపు చూస్తూ ఉండిపోయింది. కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. “అయ్యో కొడుకా,” అంది.

ఇంటికి వచ్చి చెప్తే మా అత్త మండిపడింది. “గురుదక్షిణ లేని విద్య ముండ్లకంప మీది బట్ట. ఎప్పుడు చినుగుతదో తెల్వదు. నేను పంపింది నిలవాలనే పంపిన.”

“ఆమె పద్ధతి వేరు అత్తమ్మా.”

“నిప్పుకు పద్ధతి వేరుంటదా? బోధన్‌ల కాలినా కాలుడే, ఇంగ్లండుల కాలినా కాలుడే.”

మరిది అటు తల్లి మాట, ఇటు ఆమె మొఖం మధ్య నలిగిపోయాడు. మరునాడు మళ్ళీ పోయి, ఇంకొకసారి చెప్పమన్నాడట. ఒక్కసారే చెప్పాలె, అయిపోయింది అని తలుపు దగ్గరే చెప్పి పంపింది. కోపంతో కాదు, అలసటతో అని మరిది చెప్పాడు. ఆ తర్వాత వంటామె వేలు కాలితే దొరసాని అలవాటు కొద్దీ పట్టుకుని ఊది, బొబ్బ లేస్తుంటే చూస్తూ కూర్చుందట. అవ్వ చెప్పింది. ఈసారి అవ్వ బొబ్బను కండ్లారా చూసింది, జోకు వెయ్యలేదు.

మాట తన దగ్గర లేదు. మరి మరిది దగ్గర ఉందా? ఆమె ప్రాణమంతా ఆ ప్రశ్న మీదే ఉండేది. నేను పోయినప్పుడల్లా, “ఎవ్వలన్న కాలి వచ్చిండ్రా?” అని అడిగేది. మంచం మీద ఉన్న మనిషి అట్లా అడుగుతుంటే, ఎవరన్నా కాలాలని ఎదురుచూస్తున్నట్టు వినబడేది. ఆమెకూ అట్లాగే వినబడేదేమో, అడిగాక కండ్లు మూసుకునేది.

వచ్చారు. ఆ ఏడు చెరుకు కొట్టడానికి నాందేడ్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు మా పొలం పక్కన గుడిసెలు వేసుకున్నారు. మొగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ చెరుకు కొట్టేవాళ్ళే. ఒక మధ్యాహ్నం వాళ్ళలో ఒకామె రొట్టెలు కాలుస్తుంటే పొయ్యి నుంచి చీరకు అంటుకుంది. కేకలు విని మేము ఉరికాం. గోనె సంచులు కప్పి ఆర్పారు గానీ, ఆర్పేసరికి చాలా అయింది. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి బండి కడుతున్నారు. మరిది ఆమె పక్కన కూలబడ్డాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. అందరి ముందూ, పండ్లు ఊడగొట్టిన కబురు విన్న జనం ముందు, చెయ్యి గాలిలో కదిపి, పెదవులు కదిపి, ఊదాడు. ఆయన మొఖం చూడలేక నేను దేవుని పేరు పట్టుకుని నిలబడ్డాను.

ఆమె అరుపు ఆగింది. “గార్ వాటతయ్,” అంది. చల్లగా ఉందని మరాఠీలో. పక్కనున్న ఆమె భర్త ఆ మాట విని, బతుకుతుందనుకుని ఏడ్చాడు.

మరునాడు ఆసుపత్రిలో పోయింది. లోతుగా కాలితే ఒక ఘడియకు నొప్పి తెలియకుండా పోతుంది, చల్లగా అనిపించడం అందుకే కావచ్చునని డాక్టరు మా ఆయనకు చెప్పాడట. మా ఆయన ఆ మాట తమ్ముడికి చెప్పి ఉండకూడదు. చెప్పాడు.

మరిదిని వెంటబెట్టుకుని నేనే దొరసాని దగ్గరకు పోయాను. దాచిపెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. మంచం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. డాక్టరు మాట కూడా చెప్పాడు. ఆమె అంతా విని, ఒక్క చోట ఆపింది.

“చల్లగున్నదన్నదా?”

“అన్నది.”

“నువ్వు సెప్పినంకనా, సెప్పకముందా?”

“సెప్పినంక.”

ఆమె గోడవైపు తిరిగింది. సంతోషమో దుఃఖమో వీపు చూసి ఎవరు చెప్పగలరు? గోడవైపు నుంచే అంది: “మా బాపు తానికి వచ్చినోళ్ళల్ల కూడ కొందరు గట్లనే అన్నరు. అన్నంక సచ్చిండ్రు.” అంతే. పని చేసిందని అనలేదు, చెయ్యలేదని అనలేదు. వానాకాలం మొదట్లో పోయింది. దొర పక్కనే పెట్టారు. తోటమాలి, వంటామె, అవ్వ, మేము. పాదిరి నిజామాబాద్ నుంచి తడుస్తూ వచ్చాడు, ఆయనకు ఎంతో ఋణపడి ఉన్నాను.

మరిది ఆ మాటను మళ్ళీ ఎన్నడూ నోటికి తేలేదు. కాలినవాళ్ళు వస్తే కట్టు కట్టించి ఆసుపత్రికి తనే తీసుకుపోయేవాడు, అంతే. మా అత్త పోయేదాకా, “నేను పంపింది తప్పా?” అని అప్పుడప్పుడు ఎవరినీ కాకుండా గోడను అడిగేది. నవ్వించే మనిషి నవ్వించడం తగ్గించాడు. పెండ్లి చేసుకోలేదు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో కామెర్లు వచ్చి మంచం పట్టాడు. పసర్లు అయినయి, ఆసుపత్రి అయింది. కండ్లు పచ్చగా, చేతులు పుల్లల్లా అయ్యాక, ఒకనాడు పొద్దున గంజి తాగిస్తూ నేనే అడిగాను.

“ఆ మాట నాకు చెప్పు. నువ్వు మొగోనివి, నేను ఆడదాన్ని. వరుస సరిపోతది.”

ఆయన నా వైపు చూసి, ఎన్నో ఏండ్లకు మళ్ళీ పాత నవ్వు నవ్వాడు. “వదినె, నీకా? నువ్వు పొయ్యికి దండం వెడ్తవ్, బొక్కెనకు దండం వెడ్తవ్, మొన్న నన్ను సూడొచ్చిన డాక్టర్ సైకిలుకు దండం వెట్టినవ్. ఇనంగనే రెండు చేతులు జోడిస్తవ్, నాకెర్కలేదా?”

“పెట్టను. ఒట్టు.”

“మనసుల వెడ్తవ్,” అన్నాడు. “పోనీ వదినె. గామె ఇచ్చింది ఉన్నదో లేదో నాకే తెల్వదు. లేనిదాన్ని నీ నెత్తిన ఎందుకు వెట్టాలె?”

నేను మళ్ళీ అడగలేదు. అడిగి ఉన్నా చెప్పేవాడు కాదు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం కూడా లేదు. కొన్ని రోజులకు పోయాడు. ఎవరి మేనత్త నుంచో ఎవరి తండ్రికో, సముద్రం దాటి వచ్చిన మాట ఎడపల్లి మట్టిలో ఆగిపోయింది. ఆగింది మరిదితోనా, అంతకు ముందు ఆ గురువారం పొద్దుననేనా, దేవునికి తెలియాలె. దేవుని మీద నాకు కోపం లేదు. ఏది ఎందుకు నిలుపుతాడో, ఏది ఎందుకు ఆపుతాడో అడిగే చదువు మా బాపు నాకు చెప్పలేదు.

మా మరిదికి మేమున్నాం. పెద్దల అమావాస్యకు ఆయన పేరు చెప్పి నీళ్ళు వదులుతాం, ఆయనకిష్టమైన పూర్ణాలు వండుతాం. దొరసానికి అట్లా చేసేవాళ్ళు ఎవరూ లేరు. అవ్వ పోయింది, తోటమాలి పోయాడు, బంగ్లా చేతులు మారింది. ఆమెను చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానేమో. నేను కూడా పోతే, ఆమె ఈ భూమి మీద బతికిందని చెప్పేవాళ్ళు ఉండరు. అందుకని ఇది చదివినవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ మతమైనా కానీ, సాయంత్రం దీపమో కొవ్వొత్తో వెలిగించేటప్పుడు, బోధన్ తోవలో ఉండి, మన తెలుగు మాట్లాడి, పరాయి బిడ్డల చేతులను తన చేతుల్లోకి తీసుకున్న ఆ ఇంగ్లీషు ముసలామెను ఒక్కసారి తలుచుకోండి.